టెస్టర్‌లో వెలగని కరెంటు

వేళ్లకు కసరత్తుగా రోజుకో పేజీ ఏదైనా రాయమని ఫిజియోథెరపీ సారు చెప్పాడు. మొదటి వారం నా పేరే రాశాను. సాయిలు, సాయిలు, సాయిలు అని పేజీ నిండా. పదో తరగతి తర్వాత నేను రాసిందల్లా మోటార్ల మీద పెయింటుతో రైతుల పేర్లే కాబట్టి ఇంకేం రాయాలో తోచలేదు. నా భార్య రాజమణి ఆ నోటుబుక్కు చూసి, "నీ పేరు నువ్వే మర్శిపోతవని భయమా? నీకైన సంగతి రాయరాదు, ఇంకొకలకన్న అక్కరకొస్తది" అన్నది. అందుకే ఇది. అక్షరాలు వంకరపోతే చదివేవాళ్లు సర్దుకోవాలి.

బోధన్‌లో నిజామాబాద్ రోడ్డు మీద నాకు మోటారు వైండింగ్ దుకాణం ఉంది. కాలిపోయిన మోటారు తెస్తే లోపలి పాత రాగితీగ పీకేసి, కొత్త తీగ చుట్టి ఇవ్వడం నా పని. తీగంటే ఉత్త రాగి కాదు. దాని మీద కంటికి ఆననంత పలచటి వార్నిష్ పూత ఉంటుంది. గోరు గీసుకుని ఒక్కచోట ఆ పూత లేచినా కరెంటు పోవలసిన దారిన పోకుండా పక్క చుట్టులోకి దూకుతుంది, మోటారు మాడిపోతుంది. ఈ ముక్క ముందే చెప్పి పెడుతున్నాను, తర్వాత పనికొస్తుంది.

ఇంకో ముక్క కూడా. తీగ ఎన్ని చుట్లు చుట్టామో లెక్క తప్పకూడదు. నా చేతిమిషన్‌కు లెక్క చూపే మీటరు ఒకప్పుడు ఉండేది. అది పాడైపోయి ఏళ్లయింది, నేనూ పట్టించుకోలేదు. నోటితోనే లెక్కపెడతాను. నా పెదవులు కదులుతున్నాయంటే దుకాణానికి వచ్చినవాళ్లెవరూ నోరెత్తరు. పొలం ఎండిపోతున్న రైతు కూడా గడప దగ్గర నిలబడి, పెదవులు ఆగేదాకా ఆగి, అప్పుడు "సాయిలన్నా" అంటాడు. వైండింగ్ చేసేవాడి దగ్గర అది మర్యాద.

నవంబరు

నవంబరు మొదట్లో నవీపేటలో మా మేనకోడలి కొడుకును తొట్టెలలో వేసే వేడుకకు వెళ్లాం. అందరూ వేడి మీద తిన్నారు. నేను పెద్దమనిషిలా వడ్డనలు చూసుకుని, చివర్లో గిన్నె అడుగున మిగిలిన కోడికూర తిన్నాను. మూడు రోజులు చెంబు పట్టుకుని తిరిగాను. నాలుగో రోజు తగ్గింది, ఆ సంగతి అక్కడితో మరిచిపోయాను.

రెండు వారాల తర్వాత ఒక ఉదయం దుకాణంలో అరికాళ్లు జివ్వుమన్నాయి. చెప్పులు విడిచి పనిచేయడం నాకలవాటు. షాకు రుచి నాకు తెలియనిది కాదు, ఈ వృత్తిలో అది రోజూ పలకరించే చుట్టం. నేలలోకి కరెంటు లీకవుతోందని అనుకున్నాను. టెస్టర్ పెట్టి చూశాను, వెలగలేదు. టెస్టర్ పాడైందని కొత్తది తెచ్చాను. అదీ వెలగలేదు. మిషన్ కింద, నా స్టూలు కింద రబ్బరు షీటు పరిచాను. అయినా జివ్వుమంటూనే ఉంది. సాయంత్రానికి చేతివేళ్లక్కూడా వచ్చింది.

ఇంటికి వెళ్లినా పోలేదు. మామూలు మనిషైతే అక్కడే అర్థం చేసుకునేవాడు, దుకాణంలో కరెంటు ఇంటిదాకా వెంటపడి రాదు కదా అని. నేను మామూలు మనిషిని కాదు, మెకానిక్‌ను. ఇల్లూ దుకాణమూ ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీద ఉన్నాయి కాబట్టి దుకాణం ఎర్తింగ్ చెడితే ఇంటికీ వస్తుందని నాకు నేనే పాఠం చెప్పుకున్నాను.

దుకాణానికి దసరా ముందు ఎర్తింగ్ గొయ్యి చేసింది గంగాధర్. రాజమణి తమ్ముడు, నాకు బామ్మర్ది. ఇళ్లకు వైరింగ్ చేస్తాడు, నెమ్మదస్తుడు. వాడిని పిలిపించాను. వచ్చేసరికి దుకాణంలో లింబాద్రి అనే రైతు, ఆయనతో వచ్చిన ఇంకో రైతు ఉన్నారు. నేను ఆగలేదు.

"ఏందిరా గంగాధర్, ఎర్తింగ్ జేసినవా, మమ్ములను పూడ్వనీకి బొంద తీసినవా? నీ చేతిపనికి మంది సస్తర్రా! బల్బు మార్వనీకి గూడ పనికిరావు నువ్వు!"

గంగాధర్ పార తీసుకుని దుకాణం వెనక్కి వెళ్లి గొయ్యి మళ్లీ తవ్వాడు. కొత్తగా ఉప్పు, బొగ్గు వేసి, నీళ్లు పోసి, పూడ్చి, చేతులు కడుక్కున్నాడు. "అయిపోయింది బావ, ఇప్పుడు సూడు" అని చెప్పి, తెప్పించిన చాయ్ తాగకుండా బండెక్కి వెళ్లిపోయాడు. నేను చెప్పులు విడిచి నేల మీద నిలబడ్డాను. జివ్వుమంది. "సూసినవా లింబాద్రన్నా, ఏం జేసిండో వీడు" అన్నాను.

ఈ మాట నాకంటే ముందు ఇల్లు చేరింది. రాజమణి బీడీలు చుట్టే చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. నన్ను చూడగానే చాట పక్కకు పెట్టింది. పని మధ్యలో ఆమె చాట దించడం నేను అరుదుగా చూశాను.

"నలుగుట్ల నా తమ్మున్ని గంత మాటంటవా? ఆడు నీకేం జేసిండు? నీ నోరు పడిపోను!"

మా వైపు ఈ తిట్టు పాలు తాగిన పిల్లికీ పడుతుంది, చెప్పిన మాట వినని మొగుడికీ పడుతుంది. నేనూ దాన్ని వందసార్లు తిన్నవాడినే. కాని ఆ రోజు ఆమె కళ్లల్లో నీళ్లున్నాయి. తర్వాత రెండు రోజులు అన్నం గిన్నె ముందు పెట్టడమే తప్ప నాతో మాట్లాడలేదు.

ఆ రెండు రోజుల్లోనే చేతులు ఆగమైపోయాయి. మిషన్ హ్యాండిలు తిప్పుతుంటే తీగ వేళ్ల మధ్య నుంచి జారింది. లింబాద్రి మోటారు చుట్టి ఇస్తే ఒక్కరోజు నడిచి మాడిపోయింది. తీగ నకిలీదన్నాను. షట్టర్ తాళం తిరగలేదు, తాళం తుప్పు పట్టిందన్నాను. దుకాణం మెట్టు ఎక్కబోయి ముందుకు పడ్డాను, మెట్టు ఎత్తుగా కట్టారన్నాను. నా ఒంట్లో తప్ప ఊళ్లో ప్రతి వస్తువులోనూ తప్పు కనిపెట్టాను. బోధన్‌లో ఒక డాక్టరు బలహీనత అని సూది వేశాడు, నేను సంతోషంగా ఇంటికొచ్చాను.

మర్నాడు పొద్దున మంచం దిగబోతే కాళ్లు రాలేదు. నొప్పి కాదు, బరువు కాదు. లేవమని నేను అనుకోవడం అయితే జరిగింది, ఆ అనుకోవడం నాకు స్పష్టంగా తెలిసింది. కాళ్లకు మాత్రం ఆ కబురు అందలేదు. అప్పుడు భయం వేసింది. జీవితంలో అంత భయం నాకెప్పుడూ వేయలేదు.

రాజమణి తమ్ముడికి ఫోన్ చేసింది. వాడు రాడనుకున్నాను. చాయ్ నీళ్లు మరిగేలోపు వచ్చాడు.

"బావ, చేతులు నా మెడల ఏయి" అన్నాడు.

వేయబోయాను. చేతులు సగం దాకా లేచి, వాడి భుజాల మీది నుంచి జారిపోయాయి. వాడు చంటిపిల్లాణ్ని ఎత్తినట్టు నన్నెత్తి ఆటోలో కూర్చోబెట్టాడు. బల్బు మార్చడానికి కూడా పనికిరావన్న మనిషిని వాడు గుండెలకు ఆనించుకుని మోశాడు. నేను వాడి మొహం చూడలేక రోడ్డు చూస్తూ కూర్చున్నాను.

నిజామాబాద్‌లో, కంఠేశ్వర్‌లోని ఒక నరాల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లారు. గది బయట బెంచీలన్నీ నిండిపోయాయి. గంగాధర్ నన్ను ఎత్తుకునే నిలబడ్డాడు. సరిహద్దు అవతలి నుంచి వచ్చిన ఒక ముసలాయన, మూతికి ఒక పక్క తువ్వాలు అడ్డం పెట్టుకున్నవాడు, మమ్మల్ని చూసి లేచి "బసా, బసా" అని మరాఠీలో కూర్చోమంటూ తన చోటు చూపించాడు. ఆయనతో వచ్చిన కోడలు కూడా లేచింది. నేను పడుకోగలిగాను. వాళ్లిద్దరూ గంటసేపు గోడకు ఆనుకుని నిలబడ్డారు. ఆయన పేరు కూడా అడగలేదు నేను. ఇప్పుడు ఆసుపత్రుల్లో ఎవరైనా నిలబడి కనబడితే నాకు ఆ మాటే నోటికి వస్తుంది.

డాక్టరమ్మ చిన్న రబ్బరు సుత్తితో మోకాలి కింద కొట్టింది. కాలు ఎగరాలట. ఎగరలేదు. మోచేతి దగ్గర కొట్టింది, అక్కడా ఏమీ లేదు. ఈ మధ్య విరేచనాలు అయ్యాయా అని అడిగింది. కాళ్ల గురించి వస్తే కడుపు గురించి అడుగుతుందేమిటి అనుకున్నాను. చెప్పాను. ఆమె తల ఊపి, వెంటనే ఆసుపత్రిలో చేర్చమని చెప్పింది.

ఆసుపత్రిలో ఒక పరీక్ష చేశారు. నా బొటనవేలి మొదట్లో పట్టీలు అతికించి, మణికట్టు దగ్గర చిన్న కరెంటు షాకు ఇచ్చారు. నేను ఏమీ అనుకోలేదు, ఏ ఆజ్ఞా ఇవ్వలేదు. వేలు దానంతటదే ఎగిరింది. నా వేలు నన్ను అడగకుండా కదలడం చూసి ఒళ్లు జలదరించింది. పక్కనున్న గంగాధర్ ఒక అడుగు వెనక్కి వేశాడు. తర్వాత మోచేతి దగ్గర షాకు ఇచ్చారు. ఈసారి వేలు ఆలస్యంగా, కొద్దిగా మాత్రమే కదిలింది. మిషన్ తెర మీద గీత కూడా అలాగే నీరసంగా లేచింది.

"చూశారా, మోచేతి నుంచి మణికట్టుదాకా వచ్చే దారిలోనే సిగ్నలు ఎక్కువ భాగం పోతోంది" అన్నది డాక్టరమ్మ. "దీన్ని జీబీఎస్ అంటారు సాయిలు గారు. మీ కడుపులోకి ఒక క్రిమి వచ్చింది. దాన్ని కొట్టడానికి బయలుదేరిన మీ ఒంట్లోని సైన్యమే పొరపాటున మీ నరాల మీద పడ్డది. నరం మీద ఒక పూత ఉంటుంది. దాన్ని తినేస్తోంది."

పూత అనే మాట వినగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. ఆస్పత్రిలోకి వచ్చాక నాకు అర్థమైన మొదటి మాట అది.

"లోపట తీగ మంచిగున్నదా మేడం?"

"చాలా వరకు బాగానే ఉన్నట్టుంది. పూత మళ్లీ వస్తుంది. కాని నెలలు పడుతుంది."

"ఏసీయా డీసీయా మేడం, నరాలల్ల ఉండేది?"

ఆమె నవ్వింది. ఈ ప్రశ్న ఇదివరకు ఎవరూ అడగలేదట. "రెండూ కాదు. ఉప్పు" అన్నది.

తర్వాత ఆమె చెప్పింది నాకు అర్థమైనంత మేరకు రాస్తాను. మా తీగలో కరెంటు ఒక చివర నుంచి తోస్తే ఇంకో చివరికి పోతుంది. నరంలో అలా కాదు. నరం గోడకు సూదిమొనకన్నా చిన్న తలుపులుంటాయి. ఒక తలుపు తెరుచుకుని ఉప్పులోని కణాలు లోపలికి దూకగానే అక్కడ చిన్న కరెంటు పుడుతుంది. అది పక్క తలుపును తెరుస్తుంది, అది ఇంకోదాన్ని. చెరుకు లారీకి ఎత్తేటప్పుడు మోపు చేతులు మారుతుంది చూడండి, అలాగ. పూత ఉన్నచోట తలుపుల అవసరం లేదు, సిగ్నలు పూత లేని సందు నుంచి ఇంకో సందుకు దూకుతూ పోతుంది. పూత పోతే దూకలేక, నడవలేక, దారిలోనే చల్లారిపోతుంది. ఇక ఒక నరకణానికీ ఇంకో నరకణానికీ మధ్య సన్నని సందు ఉంటుందట. కరెంటు అక్కడిదాకా వచ్చి ఆగిపోతుంది. ఒక మందుచుక్కలాంటిది ఆ సందు దాటి అవతలి దాన్ని లేపుతుంది. మెదడులో ఇలాంటివి లెక్కలేనన్ని ఒకదాన్నొకటి లేపుకుంటూ ఉంటే, దాన్నే మనం ఆలోచన అంటున్నాం.

"మరి మొదటి స్విచ్చి ఎవలేస్తరు మేడం?" అని అడిగాను.

"అది మాకూ పూర్తిగా తెలియదు" అన్నది. డాక్టర్లు తెలియదని చెప్పగా వినడం నాకదే మొదలు. ఆ మాటతోనే ఆమె మీద నమ్మకం కుదిరింది.

అంతదాకా మాట్లాడని గంగాధర్ అప్పుడు అడిగాడు. "మేడం, కరెంటు షాకు తగిల్తె గిట్లయితదా?" కాదని చెప్పింది. వాడు తలుపుదాకా వెళ్లి వెనక్కి వచ్చి మళ్లీ అదే అడిగాడు. "చిన్నచిన్నగ, దినాం తగుల్తే గూడ?" కాదయ్యా అని ఇంకోసారి చెప్పింది. నన్ను దెప్పడానికే అడుగుతున్నాడని నేననుకున్నాను, నాకు అది తగినదే అనుకున్నాను.

డిసెంబరు

ఐసీయూలో ఐదు రోజులు సీసాలతో మందు ఎక్కించారు. ఎవరెవరో ఇచ్చిన రక్తం నుంచి తీసిన మందు అది అన్నారు. ఎక్కిస్తున్నా మొదటి మూడు రోజులు జబ్బు పైకే పాకింది. నడుము, భుజాలు, తర్వాత మొహం. ఎడమకన్ను మూతపడలేదు. చాయ్ తాగిస్తే ఒక పక్క నుంచి కారిపోయింది. మాట ముద్దముద్దగా వచ్చింది.

నా నోరు పడిపోయింది. రాజమణి వచ్చి చూసింది. పది నిమిషాలే లోపల ఉండనిస్తారు. ఆ పది నిమిషాలూ ఆమె నా నోటి వైపు చూడలేదు, దుప్పటి వైపే చూసింది. బయటకు వెళ్లాక నర్సు దగ్గర ఏడ్చిందని తర్వాత తెలిసింది. "నేనే అన్న సిస్టర్, నా నోటితోనే అన్న" అని.

డాక్టరమ్మ ఆమెను పిలిచి, తిట్టుకూ నరానికీ సంబంధం లేదని, క్రిమి రెండు వారాల ముందే వచ్చిందని లెక్క చెప్పిందట. రాజమణి తల ఊపిందట గాని నమ్మలేదు. ఆ రోజు నుంచి నన్ను పల్లెత్తు మాట అనలేదు. చెమ్చాతో గంజి తాగిస్తూ "తాగవా జర? ఇంకొంచెం తాగుతవా?" అని మెత్తగా అడిగేది. పెళ్లయిన ఇరవై ఏళ్లలో ఆమె నన్ను అంత మర్యాదగా అడిగింది లేదు. నేను బతకనని ఆమెకెవరో చెప్పారేమోనని నాకు అనుమానం పట్టుకుంది.

అసలు గండం ఊపిరి. ఊపిరి పీల్చే కండరానికి కూడా నరమే కబురు మోయాలి. అందుకని పూటకు రెండుమూడు సార్లు నర్సు వచ్చి, ఒక్క ఊపిరితో ఎంతదాకా లెక్కపెట్టగలనో పెట్టమనేది. చేరిన రోజు ముప్పై ఎనిమిది. మర్నాడు ఇరవై ఏడు. మూడో రోజు పొద్దున పంతొమ్మిది, మధ్యాహ్నం పదిహేను. ఇంకా పడితే గొంతులో గొట్టం వేసి మిషన్ మీద పెట్టాలని డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. బతుకంతా లెక్కపెట్టి బతికినవాడిని నేను. వందల చుట్లు తప్పు లేకుండా లెక్కపెట్టిన నోరు పదిహేను దగ్గర ఆగిపోయింది. వేళ్లు రావేమో, మళ్లీ తీగ పట్టనేమో అని అంతదాకా ఏడ్చినవాణ్ని ఆ మధ్యాహ్నం వేళ్ల సంగతే మరిచిపోయాను. పదహారు అంటే చాలు అనుకున్నాను.

ఆ సాయంత్రం గంగాధర్ వచ్చాడు. నేను ఎడమకన్ను మూసుకోలేక పైకప్పు చూస్తూ, పదహారు కోసం పెదవులు ఆడిస్తున్నాను. వాడు మంచం దాకా రాలేదు. తలుపు దగ్గరే ఆగి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నర్సు "పోవయ్యా, పది నిమిషాలే" అంటే "ఆగుండ్రి సిస్టర్, బావ లెక్కల ఉన్నడు" అన్నాడు.

నా పెదవులు ఆగేదాకా ఆగాడు. దుకాణంలో ఆగినట్టే. తర్వాత దగ్గరికొచ్చి, "ఎంతైంది బావ?" అన్నాడు.

"పదిహేను" అన్నాను. నాకే సరిగా వినపడలేదు.

"మల్ల మొదటికెంచి పెట్టు. నేనేడికి పోను" అన్నాడు.

ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. మూతపడని కంటి నుంచి కారుతుంటే వాడే దూదితో తుడిచాడు. నిన్ను అనరాని మాట అన్నానని చెప్పాలనుకున్నాను. ఆలోచన ఉంది, మాట తయారుగా ఉంది, నోటిదాకా దారి లేదు.

నాలుగో రోజు పదిహేనే. ఐదో రోజూ పదిహేనే. తగ్గలేదు కాబట్టి డాక్టరమ్మ మొదటిసారి కుర్చీ లాక్కుని కూర్చుంది. ఏడో రోజు పద్దెనిమిది. ఆ రోజు నర్సు పరుగున వెళ్లి బయటున్న మావాళ్లకు చెప్పింది. ఇరవై రెండు వచ్చిన రోజు గంగాధర్ ఆసుపత్రి ముందు కనబడ్డవాళ్లందరికీ చాయ్ తాగించాడట, ఎందుకో చెప్పకుండా.

జనవరి, ఫిబ్రవరి

ఇంటికి చేరాను. ఊపిరి వచ్చింది, మోకాళ్లు మెల్లగా వచ్చాయి, వేళ్లు మాత్రం మొండికేశాయి. నరం చివరిదాకా పూత రావాలంటే వేళ్ల వంతు ఆఖరట. వేలు కదలకపోయినా కదలమని చెబుతూనే ఉండాలని ఫిజియోథెరపీ సారు అన్నాడు. దారి ఉన్నా నడిచేవాళ్లు లేకపోతే గడ్డి మొలుస్తుంది కదా అన్నాడు. రోజూ పొద్దున గంగాధర్ పనికి పోతూ మా ఇంటి ముందు బండి ఆపేవాడు. "ఆర్డరెయ్యి బావ" అనేవాడు. నేను చూపుడువేలి వంక కోపంగా చూస్తూ ఆర్డరు వేసేవాడిని. అది కదలకపోతే "రేపొస్త" అని వెళ్లిపోయేవాడు.

పగలంతా రాజమణి పక్కన కూర్చునేవాడిని. ఇన్నేళ్లలో ఆమె బీడీలు చేయడం నేను సరిగా చూడనే లేదు. పక్కింటి వాళ్లతో పెళ్లి సంబంధాల గురించి మాట్లాడుతూ ఉంటుంది. వేళ్లు తమంతట తామే ఆకు తీసి, తంబాకు పోసి, చుట్టి, మూతి మడిచి, దారం కడతాయి. చూపు కూడా అక్కడ ఉండదు. మెదడు ఒక పనిని వేలసార్లు చేయించాక దాన్ని లోపలి గదికి అప్పగించేసి, తను ముచ్చట్లలో పడుతుందని సారు చెప్పాడు. నా చేతులూ అలాంటివే ఒకప్పుడు. ఇప్పుడు గుండీ పెట్టుకోవాలంటే ఒక్కో వేలికి విడివిడిగా అర్జీ పెట్టుకోవాల్సి వచ్చేది.

ఒకరోజు ఆమె ఉత్త ఆకులు కొన్ని నా ఒళ్లో పెట్టింది, తంబాకు లేకుండా. "సుట్టు" అన్నది. పది ఆకులు చింపాను. పదకొండోది చుట్టు తిరిగింది. బీడీలా లేదు, పొట్లంలా ఉంది. కార్ఖానాలో ఇలాంటిది చూపిస్తే తీసి పారేస్తారు. పాత రాజమణి అయితే ఎంత మాట అనేదో నాకు తెలుసు. ఈమె మాత్రం "మంచిగున్నది" అన్నది. నాకు కోపం వచ్చింది. మంచిగా లేదని నాకు తెలియదా?

"ఎప్పటి లెక్క నన్నేమన్న అనరాదే నువ్వు" అన్నాను.

"నేనేమనను ఇగ" అన్నది. తల వంచుకుని తన పనిలో పడింది. ఇంట్లో జబ్బు పడ్డది నేనొక్కణ్నే కాదని నాకు అప్పుడు తెలిసింది. నాకు మందు ఎక్కించారు, ఆమెకు ఏదీ లేదు.

ఏప్రిల్

వరి గింజ పాలు పోసుకునే రోజులు. మోటార్లు కాలేది ఈ కాలంలోనే. లింబాద్రి తన మోటారు ఆటోలో వేసుకుని మా దుకాణానికే వచ్చాడు. ఇంకో దుకాణానికి పొమ్మన్నాను. "నీ లెక్కే కావాలె సాయిలన్న. ఒకపారి మాడ్తె మాడింది. ఒక దినం ఆలస్యమైనా సరే" అన్నాడు.

గంగాధర్‌ను రమ్మన్నాను. స్టూలు మీద కూర్చుని, తీగ చివర మిషన్‌కు తొడిగి, హ్యాండిలు పట్టుకున్నాను. ఎడమచేతి వేళ్ల మధ్య తీగ జారుతుంటే దాని పూత నున్నదనం తెలిసింది. నవంబరు తర్వాత నా వేళ్లకు ఏదైనా సరిగా తెలియడం అదే. ఒకటి, రెండు, మూడు. పెదవులు కదలగానే ఇద్దరూ మాటలాపేశారు. రెండుసార్లు లెక్క తప్పింది, రెండుసార్లూ విప్పి మొదటికొచ్చాను. ఒక పూటలో అయ్యే పని సాయంత్రం దాకా పట్టింది. కాని చుట్లన్నీ సరిగ్గా వచ్చాయి. మోటారు బిగించి స్విచ్ వేశాను. చప్పుడు లేకుండా తిరిగింది. లింబాద్రి దాని మీద చెయ్యి పెట్టి చూసి, నా భుజం మీద చెయ్యి పెట్టాడు.

ఇక నా బాకీ మిగిలింది. నలుగురిలో అన్న మాట నలుగురిలోనే వెనక్కి తీసుకోవాలి. రాజమణి అప్పుడే చాయ్ ఫ్లాస్కు పట్టుకుని వచ్చి గడపలో నిలబడింది. ఆమె కూడా వినాలనుకున్నాను.

"లింబాద్రన్నా, ఆనాడు నీ ముందర వీన్ని అనరాని మాటలన్న. తప్పు వీని ఎర్తింగుల లేదు. నా ఒంట్ల ఉన్నది. గంగాధర్, నన్ను మాఫ్ చెయ్యి."

గంగాధర్ నేల చూశాడు. చెవి వెనక గోక్కున్నాడు.

"బావ, నేనొకటి జెప్పాలె."

"చెప్పు."

"ఆనాడు బొంద తవ్వి సూస్తే, ఎర్తు తీగను పట్టే క్లాంపు లూజే ఉండె. దసరాకు నట్టు బిగియ్యనీకి మర్శిన. నీకు జెప్పకుంట బిగిచ్చి పూడ్చిన. నువ్వు పడ్డంక నా తప్పుతోనే పడ్డవనుకున్న. గందుకే మేడంను రెండు మాట్ల అడిగిన. కాదంటె గూడ నాకు నిద్ర పట్టలే."

నేను టెస్టర్లు మార్చిందీ, రబ్బరు షీటు పరిచిందీ, వాడు నోరు మూసుకుని ఉప్పు పోసిందీ, బావా బామ్మర్దులం ఇన్ని నెలలు రోజూ కలుస్తూనే ఒకరి కళ్లలోకి ఒకరం చూడలేక తిరిగిందీ అన్నీ ఒక్కసారి కళ్లముందుకొచ్చాయి. నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేని నవ్వు. వాడు మొదట బిత్తరపోయాడు, తర్వాత వాడూ మొదలుపెట్టాడు. లింబాద్రి మోటారు మీదే కూలబడి నవ్వాడు.

రాజమణి నవ్వలేదు. ఫ్లాస్కు పట్టుకుని నా మొహం వైపే చూస్తోంది. డిసెంబరు తర్వాత ఆమె నా నోటి వైపు అంత నేరుగా చూడడం అదే మొదలు. మూతి రెండు వైపులా సమంగా లేచిందేమో, ఎడమకన్ను కుడికన్నుతో పాటే మూతపడిందేమో, ఆమె ఒక్కొక్కటీ చూసుకుంటోంది. నేను నవ్వు ఆపలేదు. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. తర్వాత ఫ్లాస్కును ఠప్పున బల్ల మీద పెట్టింది.

"శాన సంబరమే! ఒకడు నట్టు మర్శిండట, ఒకడు ఊరంత తిట్టిండట, ఇద్దరు పిచ్చోళ్లు దొర్కిండ్రు నాకు" అన్నది. "ఇగ సాలుగని, నోర్మూసుకొని చాయ్ తాగు. సల్లారిపోతది!"

నోరు మూసుకున్నాను. చాయ్ తాగాను. ఒక్క చుక్క కూడా కారలేదు.